మాటకో మనిషి

చిన్నబాపు పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాలలో, పాఠాలు చెప్పే బడికి తయారవుతున్నాను. సగం అల్లిన జడ చేతిలోనే ఉంది. "బిడ్డా, మీ చిన్నబాపు ఇగ లేడే" అంది. ఏమైంది, ఎప్పుడు, ఎట్లా అని ఎవరైనా అడుగుతారు. నేను అడగలేదు. "పక్కన ఎవలున్నరు చిన్నమ్మా?" అని అడిగాను.  "నేనే ఉన్న బిడ్డ. చెయ్యి పట్టుకొనే ఉన్న, ఇడిసిపెట్టలే" అంది. అప్పుడు మంచం అంచున కూర్చున్నాను.

చావు కబురు వింటే ముందు ఏడుపు రావాలి. నాకు భయం వచ్చింది. ఎవరో ఇంటి తలుపు తీసిపెట్టి వెళ్ళిపోయినట్టు అనిపించింది. ముందే చెప్పేస్తున్నాను, నేను పిరికిదాన్ని. బల్లి అంటే భయం, బస్సు మలుపు తిరిగితే భయం, ఫోన్ రెండుసార్లు వరసగా మోగితే భయం. కాని ఆ ఉదయం వచ్చిన భయం కొత్తది కాదు, నాకు పదకొండేళ్ళప్పుడు మొదలైంది. దాన్ని నాలో లేపింది చిన్నబాపే, దానితో కూర్చోవడం నేర్పిందీ ఆయనే. అందుకే ఆయన సంగతి మీకు చెప్పాలి.

మా కోరుట్ల వైపు నాన్నను బాపు అంటాం. బాపు తమ్ముడు చిన్నబాపు. అన్నదమ్ములిద్దరూ గల్ఫ్‌లోనే ఉండేవాళ్ళు. బాపు ఒక దేశంలో, చిన్నబాపు ఇంకో దేశంలో. ఇంట్లో అమ్మ, చిన్నమ్మ, బాపు వాళ్ళమ్మ అయిన బాపమ్మ, నేను. ఆడవాళ్ళు ముగ్గురూ వాకిట్లో చాటలు ముందు పెట్టుకుని బీడీలు చేసేవాళ్ళు. మగవాళ్ళు ఫోన్‌లో మాత్రమే ఉండే ఇళ్ళే మా వాడ నిండా ఉన్నాయి కనుక, నాకు అందులో వింతేమీ కనిపించేది కాదు.

చిన్నబాపు ఉన్నట్టుండి వచ్చేశాడు. సెలవు మీద కాదు. అక్కడ బిల్డింగులకు ఇనుప చువ్వలు, అంటే సలాకలు, కట్టే పని ఆయనది. ఎందుకు వచ్చావని అడిగితే, "సాలు" అన్నాడు. అందరూ తెచ్చే దుప్పట్లు, సెంటు సీసాలు తేలేదు. ఒక సంచి, అందులో అట్టలు ఊడిపోయిన లావాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. క్యాంపులో పక్క మంచం మీది కేరళ మనిషి ఇంటికి పోతూ వదిలేసిన పుస్తకమట. అట్టలు లేవు గనక దాని పేరేమిటో మాకు ఎప్పటికీ తెలియలేదు. బాపమ్మ దాన్ని చూసి, "సదువుకున్నోని లెక్క కితాబు తెచ్చిండు, సబ్బులు తేలేదు" అని ముఖం తిప్పుకుంది.

చిన్నబాపు ఏడో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, అర్థాలు తెలియవు. నేను ఇంగ్లీషు మీడియం బడికి పోయేదాన్ని, నా దగ్గర చిన్న డిక్షనరీ ఉండేది. అలా నేను ఆయనకు పంతులమ్మనయ్యాను. సాయంత్రం బడి నుంచి రాగానే టీ గ్లాసు నా ముందు పెట్టి, "పా, కూసుందాం" అనేవాడు. పేజీలో తెలియని మాటల కింద గోటితో గీత గీసి పెట్టుకునేవాడు. నేను వెతికి అర్థం చెప్పాలి.

కథ మాకు మెల్లమెల్లగా తెలిసింది. గడియారాలు బాగుచేసే ఒకాయన ఉంటాడు. ఒకరోజు దుకాణానికి తాళం వేసి, ఇంట్లో ఒక్కమాట చెప్పకుండా బయలుదేరతాడు. తన మనసులో ఏదో ప్రశ్న ఉంది, దానికి జవాబు చెప్పే గురువు కావాలి. నడుస్తాడు, పడవలెక్కుతాడు, సత్రాల్లో పడుకుంటాడు, మంచు కొండలు దాటతాడు. దారిలో ఎవరు కనిపించినా నువ్వేనా ఆ గురువు అన్నట్టు వాళ్ళ ముఖంలోకి చూస్తాడు. నాకు ఆ మనిషి నచ్చలేదు. ఇంట్లో వాళ్ళకు చెప్పకుండా పోవడమేమిటి?

మాటలు నేర్చుకోవడానికి చిన్నబాపుకు ఒక పద్ధతి ఉండేది. అది ఏ బడిలోనూ నేను చూడలేదు. అర్థం చెప్పగానే అయిపోదు. ఆ మాటకు సరిపోయే మనిషిని మనకు తెలిసినవాళ్ళలోంచి వెతకాలి. "సలాకను ఒక్క దిక్కు కడితె జారుతది. రెండు దిక్కుల కట్టాలె. ఒక దిక్కు అర్థం, ఇంకో దిక్కు మనిషి" అనేవాడు. మొండివాడు అనే మాట వస్తే మా బాపు. ఓర్పు అనే మాట వస్తే చిన్నమ్మ. అనుమానం అనే మాట రాగానే ఇద్దరం బాపమ్మ వైపు చూసి నవ్వాం. "ఏందే, నన్ను జూసి నవ్వుతున్నరు?" అని ఆమె చాట పక్కకు పెట్టింది. "ఏం లేదవ్వా, నీ పేరు ఇంగ్లీషుల రాసుకున్నం" అన్నాడు చిన్నబాపు. ఆయన అలా నవ్వడం తిరిగి వచ్చాక అదే మొదటిసారి.

ఒకసారి అమ్మ అడిగింది, "గీ మాటలన్ని నేర్సి ఏం జేస్తవయ్యా? పనికి పనికస్తయా?" అని. చిన్నబాపు వేళ్ళ మీద లెక్కపెడుతూ అన్నాడు. "పనికచ్చే మాటలన్ని నాకు అస్తయి వదినే. లిఫ్ట్, పుల్, క్విక్, ఫినిష్, యెస్ సార్. పనికిరాని మాటలే రావు. గవి లేకపోతెనే కష్టమైతది." అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

వానాకాలం వెళ్ళేసరికి ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. చిన్నబాపు గడ్డం తీయడం మానేశాడు. ఆదివారం మాంసం వండితే నాకొద్దన్నాడు. పొద్దున్నే లేచి ఎటో నడిచి వస్తున్నాడు, ఎటు పోయావంటే "గిట్లనే" అంటాడు. ఇవన్నీ ఒక్కొక్కటిగా అయితే ఎవరూ పట్టించుకోరు. కాని మా తాత కథ ఆ ఇంట్లో ఉంది. తాత ఇక్కడ మగ్గం పని దొరకక, దూరాన మగ్గాల ఊరైన బీవండికి పోయాడు, పోతున్నానని ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ రాలేదు. అక్కడే ఎవరో సాధువుల వెంట పోయాడని ఒకరు, రైలు కింద పడ్డాడని ఒకరు చెప్పారు. బాపమ్మ ఇంకా బొట్టు పెట్టుకునేది. ఆ బొట్టు తీయమని చెప్పే ధైర్యం మా వాడలో ఎవరికీ లేదు.

ఇక బాపమ్మ ఊరుకుంటుందా? ఒక మధ్యాహ్నం చిన్నబాపు లేని సమయంలో ఆయన పాస్‌పోర్టు తీసి, పాలిథిన్ కవరులో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది. మా వైపు ఇళ్ళలో మనిషిని ఆపాలంటే చేసే మొదటి పని అదే. అలిగిన కొడుకు, అప్పుడే పెళ్ళైన అల్లుడు, ఎవరైనా సరే, పాస్‌పోర్టు దొరకకపోతే ఏడికీ పోలేడు. బాపమ్మ చేతికంటిన బియ్యప్పిండి దులుపుకుంటూ, "ఇగ వాని కాళ్ళు నా చేతుల ఉన్నయి" అంది. అమ్మ, చిన్నమ్మ కూడా తేలికపడ్డారు.

నేను తేలికపడలేదు. ఆ ఇంట్లో ఆ పుస్తకం చదివింది చిన్నబాపు తర్వాత నేనొక్కదాన్నే. గడియారాల మనిషికి పాస్‌పోర్టు లేదు. ఒక శాలువా, ఒక కర్ర తీసుకుని పోయాడు. ఈ సంగతి పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలో తెలియలేదు. అప్పటి నుంచి సాయంత్రం పాఠాలు ఎట్లా ఎగ్గొట్టాలా అని చూసేదాన్ని. మంచు కొండల్లో దారి తప్పే భాగం వచ్చినప్పుడు చిన్నబాపు చదువుతూ చదువుతూ ఆగి, చేతులు చంకల్లో పెట్టుకుని, నిజంగా చలి పుట్టినట్టు కూర్చున్నాడు. నేను డిక్షనరీ మూసేసి, తలనొప్పి అని అబద్ధమాడాను.

ఒక సాయంత్రం ఆ మాట వచ్చింది. అబాండన్. వెతికి చెప్పాను, వదిలిపెట్టి పోవడం, దిక్కు లేకుండా చేసి పోవడం. చిన్నబాపు ఆ మాటను రెండుమూడుసార్లు పైకి అన్నాడు. నేను మనిషి కోసం చూస్తున్నాను. తాత పేరు చెబుతాడనుకున్నాను, సరిగ్గా సరిపోయేవాడు తాతే కదా. నేనే అందించాను కూడా. "తాతనా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "మరి ఎవలు?" అన్నాను. పుస్తకం మూసి లేచాడు. "గీ మాటకు మనిషిని తర్వాత చెప్త" అని బయటికి పోయాడు. అంతకుముందు ఏ మాటకూ ఆయన అలా చేయలేదు.

నాకు అప్పుడే అర్థమైందనుకున్నాను. ఆ మనిషి ఆయనే. రేపో ఎల్లుండో మమ్మల్ని వదిలిపెట్టి పోతాడు, పోయాక ఆ మాట సరిపోతుంది. ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఆయన చెప్పులు తీసి నా మంచం కింద పెట్టుకుని పడుకున్నాను. పిల్లల తెలివి అంతవరకే.

తెల్లారేసరికి ఆయన లేడు. చెప్పులు నా మంచం కిందే ఉన్నాయి, పాత బూట్లు వేసుకుని పోయాడు. చిన్నమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. బాపమ్మ మాత్రం నేరుగా వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికి, కవరు బయటికి తీసింది. అందులో పాస్‌పోర్టు చూసి పెద్దగా ఊపిరి వదిలింది. "పాస్‌పోర్ట్ ఈడనే ఉన్నది. ఏడికి పోతడు? పొద్దూకె వరకు అస్తడు" అని టీ పెట్టమంది. అమ్మ టీ పెట్టింది. నేను, "బాపమ్మా, పాస్‌పోర్ట్ లేకున్న పోవచ్చు" అన్నాను. "నీకేం ఎరుక, నోరు మూసుకొని బడికి పో" అంది.

చిన్నమ్మ ఒక్కతే నా వైపు తిరిగింది. చీపురు కింద పెట్టి, నా పక్కన కూర్చుని, ఎవరికీ వినిపించకుండా అడిగింది. "బిడ్డా, గా కితాబుల గాయిన ఇంట్లకెళ్లి ఎల్లినంక ముందుగాల ఏడికి పోయిండే?"

"యాత్రలకు పోయేటోళ్ళు దిగే సత్రంకు పోయిండు చిన్నమ్మా. అందరు అక్కడ జమైతరు. ఆళ్ళ ఎంబడి పోయిండు."

 యాత్రలకు వచ్చేవాళ్ళు జమయ్యే చోటు మాకు తెలిసింది ఒకటే, వేములవాడ గుడి. చిన్నమ్మ నా బడి సంచి మూలకు పెట్టి, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచింది. అదే పట్టు వేములవాడ దిగేదాకా వదలలేదు, నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. దారి పొడుగునా ఆమె ఒక్కటే అడిగింది. "అటెన్క తిరిగి అచ్చిండా గాయిన?" మేం ఇంకా అక్కడి దాకా చదవలేదు అని చెప్పాను. అది నిజమే. వచ్చాడని చెప్పి ఉంటే ఆమెకు ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

వేములవాడలో ఆ రోజు సోమవారం. గుడి చుట్టూ జనం. మొక్కు తీర్చుకోవడానికి కోడెలను పట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్ళు, గదుల కోసం పరుగెత్తేవాళ్ళు, వరండాల్లో సంచులు తల కింద పెట్టుకుని పడుకున్నవాళ్ళు. నాకు ఇవన్నీ తెలిసినవే. తెలియనిది ఒకటి ఆ రోజు చూశాను. తలనీలాలు ఇచ్చి వచ్చే మగవాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు. గుండు, గుండు మీద పసుపు గంధం, తడి పంచె. అందరి ముఖాలూ ఒకటే ముఖం. చిన్నబాపు కూడా గుండు చేయించుకుని ఉంటే, మీసం గడ్డం తీసేసి ఉంటే, నేను గుర్తుపట్టలేను. నా పక్క నుంచే పోతాడు, నేను వేరే మనిషి అనుకుంటాను.  ఎదురొచ్చే ప్రతి గుండు మనిషి ముఖంలోకీ తొంగిచూడటం మొదలుపెట్టాను. ఒకాయన "ఎవలమ్మా నువ్వు? తప్పిపోయినవా?" అని వంగి అడిగాడు. అప్పుడు ఏడ్చేశాను.

సత్రాలు, చెరువు గట్టు, టీ కొట్లు అన్నీ తిరిగాం. మధ్యాహ్నం దాటింది. చిన్నమ్మ ఒక మెట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. సిరిసిల్ల ఆమె తల్లిగారి ఊరు, వేములవాడ పక్కనే. అప్పటిదాకా ఆ పేరు ఎత్తలేదు. మొగుడు చెప్పకుండా పోయాడని పుట్టింటికి తెలిస్తే తల ఎత్తుకోలేనని ఆమె భయం. చివరికి, "ఇగ సిగ్గు వెట్టుకొని ఏం జేస్త? పా, మా అన్నకు చెప్తం, నలుగురితోని దేవులాడిపిస్తడు" అని లేచింది.

చిన్నమ్మ అన్న, నాకు మామ, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. రేకుల షెడ్డు, లోపల వరసగా మగ్గాలు, మాట కాదు కదా, మన కేక మనకే వినపడదు. అక్కడ పనివాళ్ళు పెదవులు, చేతులు కదిపి మాట్లాడుకుంటారు. చిన్నమ్మ ఆ చప్పుడులో పుట్టి పెరిగింది. గడప దాటి లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది. షెడ్డు చివర ఒక మగ్గం ముందు వంగి, చెవుల్లో దూది పెట్టుకుని, తెగిన పోగు అతకడానికి తంటాలు పడుతూ చిన్నబాపు ఉన్నాడు. గడ్డం అలాగే ఉంది, జుట్టు అలాగే ఉంది.

చిన్నమ్మ దూరం నుంచే పెదవులు కదిపి ఏదో అడిగింది. ఆయన తలెత్తి చూశాడు, అర్థం కాలేదు. ఆ భాష ఆయనకు రాదు. మళ్ళీ అడిగింది. మూడోసారి చేతులు కూడా కదిపింది. మగ్గాల మధ్య నిలబడి ఆమె ముఖం ఎర్రబడి, నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ, ఒక్క చప్పుడు కూడా బయటికి రాకుండా అడుగుతుంటే నాకు వేములవాడలో పట్టినదానికంటే ఎక్కువ భయం పట్టింది. మామ చూసి మగ్గాలు ఆపించాడు. అంత నిశ్శబ్దంలో చిన్నమ్మ మాట మొదటిసారి వినపడింది.

"ఇడిసిపెట్టి పోయినవా?" అంటోంది. అదే అడుగుతోంది అప్పటిదాకా.

"పనికచ్చినే" అన్నాడు చిన్నబాపు. "మల్ల అటు దేశం పోను నేను. ఈ పని నేర్సుకుంట. చెప్తె మీరు రానియ్యరు. అల్లుడు అత్తగారింట్ల కూలికి నిలవడ్డడు అంటరు. ముందు నేర్సుకొని, తర్వాత చెప్దామనుకున్న."

పొద్దున నడకలన్నీ ధైర్యం తెచ్చుకోవడానికేనట. రోజూ బస్టాండు దాకా పోయి, సిగ్గుపడి వెనక్కి వచ్చేవాడట.  చిన్నమ్మ మగ్గం మీది గుడ్డ అంచు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మామ మా అందరికీ టీ తెప్పించాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన నేను, మధ్యలో చిన్నబాపు, ఆ పక్కన చిన్నమ్మ. నాకు ఇంకా భయం తగ్గలేదు. ఆయన అది చూసి, నా వైపు వంగి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"గా మాటకు మనిషి నేనే బిడ్డ. కాని నువ్వనుకున్నట్టు కాదు. నా ఎంబడి మన దిక్కు బుగ్గారం పిలగాడు ఒకడు పని చేసేటోడు. ఎండల పడిపోయిండు. దవాఖానకు నేనే తోల్కపోయిన. మంచం మీద పండవెట్టినంక నా అంగి పట్టుకున్నడు. 'అన్నా, నాకు బుగులైతంది, ఇడిసి పోకే' అన్నడు. గంతల నర్సు, కావలోడు అచ్చి నన్ను బయటికి పొమ్మన్నరు. ఈనికి బుగులైతంది, నన్ను ఉండనియ్యుండ్రి అని చెప్పాలె. ఎట్ల చెప్పాలె? లిఫ్ట్, పుల్, క్విక్. నా నోట్లకెళ్లి అచ్చింది ఒక్కటే. యెస్ సార్. యెస్ సార్ అని వాని చెయ్యి ఇడిపించుకొని బయటికచ్చిన. పొద్దుగాల వాడు లేడన్నరు."

చిన్నమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టింది. బస్సు చందుర్తి దాటింది.  ఆ పుస్తకం ఆయన దేవుడి కోసం చదవలేదు, ఇల్లు విడిచిపోవడానికి చదవలేదు. భయమవుతోంది, ఒంటరిగా ఉన్నాను, ఉండనివ్వండి, ఇలాంటి మాటలన్నీ ఉండే ఇంగ్లీషు పుస్తకం ఆయనకు దొరికింది అదొక్కటే. గడియారాల మనిషి పేజీపేజీకీ భయపడతాడు కదా.

ఆ తర్వాత పుస్తకం పూర్తి చేశాం. గడియారాల మనిషి కొండ మీది ఒక పాత గుడికి చేరతాడు, అక్కడ గురువు ఉండడు, ఒక ముసలివాడు జబ్బుతో పడి ఉంటాడు, ఈయన అతని పక్కన కూర్చుంటాడు. అంతే కథ. నాకు నచ్చలేదు. "గిన్ని దేశాలు తిరిగింది గిందుకా?" అన్నాను. చిన్నబాపు మాత్రం, "మంచిగనే ఉన్నది. కూసున్నడు గద" అన్నాడు.

సిరిసిల్లలోనే ఆయన పని నేర్చుకున్నాడు. వారానికోసారి కోరుట్ల వచ్చేవాడు. చువ్వలు వంచిన వేళ్ళకు పోగులు పట్టడం ఎప్పటికీ సరిగా రాలేదని మామ నవ్వేవాడు. మా వాడలో ఎవరినైనా దవాఖానకు తీసుకుపోతే చిన్నబాపు పోయి పక్కన కూర్చునేవాడు. బంధువులు కానక్కరలేదు. మాట్లాడేవాడు కాదు, పండ్లు తీసుకుపోయేవాడు కాదు, కూర్చునేవాడు. ఆయనకు ధైర్యం ఎక్కువ అని అందరూ అనుకున్నారు. దవాఖాన వాసన తగలగానే ఆయన చేతులు వణికేవని నాకు తెలుసు. ఒకసారి అడిగాను, ఇన్నిసార్లు పోయావు, ఇంకా భయం పోలేదా అని. "బుగులు యాడికి పోతదే? దాన్ని పక్కకు కూసుండవెట్టుకొనే కూసుండాలె" అన్నాడు.

నేను ఇంగ్లీషు టీచరునయ్యాను. మా పిల్లలకు కొత్త మాట చెప్పినప్పుడు, ఆ మాటకు మీకు తెలిసిన మనిషి ఎవరో చెప్పండి అంటాను. ధైర్యం అనే మాటకు ఒకసారి ఒక పాప, "మా అవ్వ, టీచర్. బాయి కాడికి ఒక్కతే పోతది" అంది. ఇంటికి పోయి చిన్నబాపుకు ఫోన్ చేసి చెప్పాను. బాగా నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు అప్పటికే చాలా రోజులుగా ఉంది. సాంచాల దుమ్ము అని డాక్టరు తర్వాత చెప్పాడు.

చివరికి కోరుట్లలో ఇంటికి తీసుకుపోయాం, అక్కడే పోయాడు; దానికి ముందు ఆయన్ను జగిత్యాలలో ఒక దవాఖానలో పెట్టాం. మధ్యాహ్నం చిన్నమ్మ స్నానానికని మా ఇంటికి పోయింది, నేను ఉన్నాను. మూతికి మాస్కు, వేలికి క్లిప్పు, పక్కన ఏదో యంత్రం కీచుమంటోంది. అది కీచుమన్నప్పుడల్లా ఉలిక్కిపడి దాని వైపు చూస్తున్నాను. నర్సు వచ్చి, లోపల ఎవరూ ఉండొద్దు, బయట కూర్చోండి అంది. ఉంటాను అని చెప్పాలి. ఇంగ్లీషులో, తెలుగులో, ఎన్ని రకాలుగా చెప్పవచ్చో రోజూ పిల్లలకు నేర్పేదాన్ని.  "సరే సిస్టర్" అని తలుపు వైపు తిరిగాను.

వెనక నుంచి మాట వినపడింది. చిన్నబాపు మాస్కు పక్కకు లాగి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ అంటున్నాడు. "బిడ్డా... దానికి బుగులు. ఉండనియ్యి."

నర్సు చిన్న పిల్ల, మా వైపు పిల్లే. ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూసింది. "బుగులు నీకా కాకా, అక్కకా?" అంది.

"ఇద్దరికి" అన్నాడు.

ఆమె ఆయన మాస్కు సర్ది, మంచం కింది స్టూలు కాలితో నా వైపు తోసింది. కూర్చున్నాను. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను, అది చల్లగా, తేలికగా ఉంది. భయం తగ్గలేదు, యంత్రం కీచుమంటూనే ఉంది. చిన్నబాపు కళ్ళు మూసుకున్నాడు. మాస్కు లోపల తెల్లగా ఆవిరి పట్టింది, పోయింది. మళ్ళీ పట్టింది. అది పట్టిన ప్రతిసారీ నేను కూడా ఊపిరి తీసుకున్నాను.